ఉప్పు చూసే కోడలు

ఉపవాసాల నెలలో ఆ ఇల్లు రోజుకి రెండుసార్లు నిద్ర లేచేది. చీకటి ఉండగానే లేచి, తిని, నమాజు చేసుకుని మళ్లీ నడుం వాల్చడం ఒకసారి. ఎండ కిటికీ ఊచల్లోంచి దూరి పొయ్యి గట్టు మీద పడ్డాక ఒళ్లు విరుచుకుంటూ లేవడం రెండోసారి. అసలు పని ఆ రెండో లేవడంతో మొదలయ్యేది. కింది అంతస్తు మొత్తం వంటిల్లే. సాయంత్రం రోజా విడిచే వేళకి చుట్టుపక్కల ఆఫీసులకీ, దుకాణాలకీ, ఆస్పత్రి కాపలావాళ్లకీ డబ్బాల్లో భోజనం పంపడం ఆ కుటుంబం వ్యాపారం. మిగతా నెలల్లో నడిచే వ్యాపారం ఈ నెలలో పరుగెత్తుతుంది.

ఆ వ్యాపారానికీ, ఆ ఇంటికీ, ఇంట్లోవాళ్ల కడుపులకీ యజమాని అత్తగారు. భర్త పోయినప్పుడు ఇంటి గిన్నెలతోనే మొదలుపెట్టి, మనిషి దిగి తోముకోవాల్సినంత పెద్ద డేగిసాల దాకా వచ్చిన మనిషి. వీధిలోవాళ్లు ఆవిణ్ణి మేడమ్ అంటారు. కోడళ్లు చాటుగా సుప్రీంకోర్టు అంటారు, అప్పీలు ఉండదు గనక.

ఖాళీ కడుపులతో అంతమందికి వండటంలో ఒకే ఒక్క చిక్కు ఉప్పు. రోజాలో ఉన్నవాళ్లు నోట్లో ఏమీ వేసుకోకూడదు. నాలుక చివర ఆనించి, మింగకుండా ఉమ్మేస్తే వంట చేసేవాళ్లకి ఫరవాలేదని, ఆడవాళ్లకి మతపాఠాలు చెప్పే టీచరమ్మ ఏనాడో చెప్పింది. సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. "ఉమ్మేదెంతో మింగేదెంతో ఎవరు చూడొచ్చారు?" అంది. అందుకని ఆ ఇంట్లో ఒక పద్ధతి స్థిరపడిపోయింది. ఎవరికి నెలసరి వచ్చి ఆ కాసిని రోజులూ రోజా, నమాజూ ఉండవో, వాళ్లే ఉప్పు చూడాలి. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు సెలవు.

"ఏమ్మా, ఇవాళ ఉప్పెవరిది?" ఆ పొద్దున అత్తగారు మెట్ల మీదినుంచే కేకేసింది.

"నాది నిన్నటితో సరి అత్తయ్యా. స్నానం చేసి మళ్లీ లైన్లో నిలబడ్డాను," అంది పెద్ద కోడలు ఉల్లిపాయల గుట్ట ముందు కూర్చుని. ముగ్గురు పిల్లల తల్లి. సెలవంటే ఆమెకి నిజంగా సెలవే. సామాన్ల గదిలో బియ్యం బస్తాల వెనక మగవాళ్ల కంటపడకుండా కూర్చుని, కాళ్లు చాపుకుని తినేది.

అత్తగారి చూపు చిన్న కోడలి మీదికి వెళ్లి ఆగింది. రొట్టెలు చేసే ఆవిడ పిండి పిసకడం ఆపింది.

చిన్న కోడలికి సంగతి ఆ పొద్దునే బాత్రూంలో తెలిసింది. తెలిసినప్పట్నించీ ఆమె మనసులో వినబడుతున్నది ఒకే మాట. కిందటేడు ఇదే నెలలో, ఇదే పొయ్యి ముందు, గరిటె చేతిలో పెడుతూ పనివాళ్లందరి ముందూ అత్తగారు అన్న మాట. "రా తల్లీ రా. నెల తప్పకుండా వస్తావు. దీని నాలుక పనిచేసినట్టు కడుపు పనిచేస్తే ఈపాటికి నా ఇల్లు నిండిపోను." రొట్టెలావిడ కిసుక్కుమంది. పెద్ద కోడలైతే కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఉల్లిపాయల వల్లనని చెప్పుకోవడానికి ఆ రోజు ఉల్లిపాయలు కూడా లేవు. పెళ్లయి ఏళ్లు గడుస్తున్నా పిల్లలు లేని మనిషికి ఉప్పు చూడమని పిలవడం అంటే, పదిమందిలో నిలబెట్టి తీర్పు చదవడమే.

"నువ్వా?" అంది అత్తగారు.

"కాదత్తయ్యా," అంది చిన్న కోడలు. "నేను రోజాలో ఉన్నాను."

అంతే. అత్తగారు కంటితోనే ఉప్పు కొలిచి డేగిసాలో వేసింది.

చిన్న కోడలికి నియమాలు తెలియక కాదు. టీచరమ్మ పాఠాల్లో ముందు వరసలో కూర్చునేది ఆమే. నెలసరిలో రోజా ఉండకపోతే ఫరవాలేదని కాదు, ఉండకూడదు. ఉన్నా చెల్లదు. నెల గడిచాక, వదిలిన రోజాలకి బదులు రోజాలు ఉండాలి. వదిలిన నమాజులకి బదులు అక్కర్లేదు, వాటిని దేవుడు మాఫ్ చేశాడు. ఇంత చక్కగా అప్పజెప్పగల మనిషి, ఆ రోజుల్లో నడుం పట్టేసి, పొత్తికడుపులో ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టు ఉంటే, గుక్కెడు నీళ్లు తాగకుండా పొయ్యి ముందు నిలబడింది. తాగాలంటే సామాన్ల గదికి వెళ్లాలి. ఆ గది తాళంచెవి అత్తగారి నడుముకి ఉంటుంది.

అంతకన్నా కష్టం మేడ మీద. హాల్లో ముగ్గురూ పక్కపక్కనే నిలబడి నమాజు చేస్తారు. చిన్న కోడలు వాళ్లతోపాటు వంగింది, లేచింది, నుదురు నేలకి ఆనించింది. పెదాలు మాత్రం ఊరికే కదిపింది. "దేవుడా, దీన్ని నమాజు కింద రాసుకోకు. ఆడపిల్ల వ్యాయామం చేస్తోందనుకో," అని మొక్కుకుంది. ఆ మాటకి తనకే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పక్కనున్న అత్తగారు, కోడలికి భక్తి ఎక్కువైందనుకుంది.

అబద్ధం ఆ కాసిని రోజులతో ముగిసిపోతుందనుకుంది చిన్న కోడలు. కానీ ఆ ఇంట్లో ఎవరి సెలవు ఎప్పుడొస్తుందో అత్తగారికి నీళ్ల ట్యాంకరు వచ్చే రోజుకన్నా బాగా గుర్తు. వారం చూసింది, ఇంకా చూసింది. నెల సగానికి వచ్చేసరికి, ఒక మధ్యాహ్నం పనివాళ్లందరి మధ్యలో చిన్న కోడలి ముందునుంచి కత్తిపీట లాగేసింది.

"నువ్వు లేవవే."

"ఎందుకత్తయ్యా?"

"ఎందుకో నీకు తెలుసు, నాకు తెలుసు, పైవాడికి తెలుసు. ఈ నెల నీకు సెలవు రాలేదు."

చిన్న కోడలు లేచి నిలబడింది. "అలాంటిదేం లేదత్తయ్యా."

"లేకపోతే సెలవు ఏదీ మరి?"

ఆ ప్రశ్నకి జవాబులు రెండే. ఒకటి అత్తగారు కోరుకునేది. రెండోది, ఇన్నాళ్లూ నీకు అబద్ధం చెప్పాను, మైలతో నీ పక్కన నిలబడి నమాజు చేశాను అన్నది. చిన్న కోడలు తల వంచుకుంది. అత్తగారు దాన్ని సిగ్గనుకుంది.

"కనీసం డాక్టరుకి చూపించాక..." అని గొణిగింది చిన్న కోడలు.

"డాక్టరెందుకు? ఇద్దర్ని కన్నాను, వీధిలో ఎందరికో పురుడు పోశాను. నా కళ్లే స్కానింగు." అత్తగారు అప్పుడే నలుగురికీ చెప్పడానికి వీధి వైపు తిరిగింది. "రేపట్నించి నీకు రోజా లేదు. కడుపుతో ఉన్నదానికి దేవుడే వెసులుబాటిచ్చాడు, కాన్పయ్యాక బదులు ఉందువుగాని. ఇకనించి ఉప్పు నువ్వే చూడు, రాణిలా కూర్చుని. బరువులు పెద్దది మోస్తుంది."

"పెద్దది ఎప్పట్నించో మోస్తూనే ఉంది," అంది పెద్ద కోడలు. ఎవరూ నవ్వలేదు.

మొగుడితోనైనా చెబుదామనుకుంది చిన్న కోడలు. అతను డబ్బాల వ్యాను నడుపుతాడు. మనిషి మంచివాడే, కానీ ఏ విషయమైనా అతని దగ్గర ఆగదు. సాయంత్రం వ్యాను కడుగుతుంటే దగ్గరికి వెళ్లింది.

"మీతో ఒక మాట చెప్పాలి."

"నాకు చెప్పకుండా ముందు అమ్మకి చెబుతావా?" అన్నాడు ఇంత మొహం చేసుకుని. "రూట్లో అందరూ అభినందనలు! ఆస్పత్రి వాచ్‌మన్‌కి కూడా తెలుసు, నాకు తెలియదు!"

"నేనెవరికీ చెప్పలేదండీ. అసలు చెప్పడానికి..."

"సిగ్గుపడకు." తడి చేత్తోనే ఆమె తల నిమిరాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసి ఆమె చెప్పదలుచుకున్నది వెనక్కి మింగేసింది.

అక్కణ్నించి ఆమె బతుకు తలకిందులైంది. ఉండకూడని రోజుల్లో ఆకలితో ఉంది. ఇప్పుడు ఉండి తీరాల్సిన రోజుల్లో, అత్తగారు పొద్దున్నే గ్లాసుడు పాలు తెచ్చి ముందు పెడుతోంది. కారణం లేకుండా రోజా వదలడం ఎంత తప్పో ఆమెకి తెలుసు. అందుకని పాలు సింకులో పోసేది. పండు పెద్ద కోడలి పిల్లల సంచిలో పెట్టేది. ఉప్పు మాత్రం నాలుక చివర ఆనించి, చేతిరుమాల్లోకి ఉమ్మేసేది. తినకుండా తింటున్నట్టు, రోజా ఉంటూ లేనట్టు. ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి ఎంత చాకిరీ ఉంటుందో ముందే తెలిస్తే మనుషులు నిజాలే చెప్పేవాళ్లు.

పెద్ద కోడలికి పని రెట్టింపైంది. ఆకలి మీద డేగిసాలు దించడం, బస్తాలు జరపడం, మధ్యలో పిల్లలు. పొయ్యి పక్కన కుర్చీలో కూర్చున్న తోటికోడలి మొహం చూసినప్పుడల్లా ఆమెకి ఒళ్లు మండేది.

"నేను ముగ్గుర్ని కన్నాను. ముగ్గురప్పుడూ ఈ పొయ్యి ముందే నొప్పులొచ్చాయి," అంది రొట్టెలావిడతో, వినబడాల్సినవాళ్లకి వినబడేలా. "అప్పట్లో కుర్చీలు కనిపెట్టలేదు కాబోలు."

"రెండోవాడు కడుపులో ఉన్నప్పుడు ఎలా ఉన్నావని కూడా అడగలేదు నన్నెవరూ," అని ఇంకో రోజు. చిన్న కోడలు తల వంచుకుని ఉప్పు చూసేది. లోపల మాత్రం కిందటేటి నవ్వు గుర్తొచ్చి, మోయనీ, బాగా మోయనీ అనుకునేది. ఆ అనుకోవడం ఎంత తీయగా ఉండేదంటే, దానికి కూడా భయపడేది.

నెల ఇక ముగుస్తుందనగా, డబ్బాలు ఎక్కువ పోవాల్సిన రోజున, జరగాల్సింది జరిగింది. మాంసం డేగిసా పొయ్యి మీంచి దించాలి. అత్తగారు పైన ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది. పెద్ద కోడలు ఒక చెవి పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"ఆ చివర పట్టు," అంది చిన్న కోడలితో.

"నేనా?"

"నువ్వే. కడుపులో ఉన్నది బిడ్డే కదా, గాజు సామాను కాదుగా. మాడిపోతోంది, పట్టు."

చిన్న కోడలు లేచి పట్టుకుంది. ఇద్దరూ దించారు. నడుం ఎత్తేసరికి రొట్టెలావిడ అరిచింది.

"అమ్మో, రక్తం!"

చిన్న కోడలి బట్టల వెనక మరక. ఆమెకి వెంటనే అర్థమైంది. రావాల్సిన రోజుకే వచ్చింది, ఎప్పట్లాగే, నెల తప్పకుండా. మిగతావాళ్లకి అర్థమైంది వేరు.

అత్తగారు మెట్లు ఎలా దిగిందో ఎవరికీ తెలియదు. మరక చూసింది. నేల మీద పొగలు కక్కుతున్న డేగిసా చూసింది. పెద్ద కోడలి చేతిలో ఇంకా ఉన్న మసిగుడ్డ చూసింది.

"దీంతో ఎత్తించావా?"

"అత్తయ్యా, మాడిపోతోందని..."

"ఎత్తించావా లేదా?"

"ఎత్తించాను."

చెంపదెబ్బ చప్పుడుకి పొయ్యి మంట కూడా ఆగినట్టనిపించింది. "చంపేశావే! నీకు ముగ్గురున్నారు, దానికి ఒక్కటి ఉండకూడదనుకున్నావు. నీ కళ్లల్లో చూస్తూనే ఉన్నాను ఇన్నాళ్లుగా. కుర్చీలో కూర్చుంటే ఓర్చుకోలేకపోయావు. నా మనవణ్ణి మసిగుడ్డతో పట్టి చంపావు!"

పనివాళ్లు గోడలకి అంటుకుపోయారు. పెద్ద కొడుకు కేకలకి లోపలికొచ్చి, సంగతి విని, తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. పెళ్లాం అతని మొహంలోకి చూసింది. అతను చెప్పుల్లోంచి తల ఎత్తలేదు.

అత్తగారు అక్కడికక్కడే తీర్పిచ్చింది. "సాయంత్రంలోగా నువ్వు మీ అమ్మ దగ్గరికి పో. పిల్లలు ఇక్కడే ఉంటారు. వాళ్లని నేను పెంచుతాను. ప్రాణం తీసే చేతులతో నువ్వు వాళ్లకి అన్నం పెట్టక్కర్లేదు."

"పిల్లల్ని వదిలి ఎలా పోతానత్తయ్యా?"

"అది ఇవాళ వదిలింది. నువ్వూ వదిలి చూడు, ఎలా ఉంటుందో."

చిన్న కోడల్ని గదిలో పడుకోబెట్టారు. డబ్బాలు వెళ్లిపోయాక ఆస్పత్రికి వెళ్దామంది అత్తగారు. ఎంత దుఃఖమైనా అంతమంది ఆకలి ఆగదు కదా. కన్నీళ్లు తుడుచుకుంటూనే మూతలు బిగించింది. చిన్న కోడలు దుప్పటి కప్పుకుని కప్పు వైపు చూస్తూ పడుకుంది. ఆస్పత్రికి వెళితే డాక్టరు ఒక్క నిమిషంలో తేల్చేస్తుంది. వెళ్లనని మొండికేస్తే తేలదు. బిడ్డ పోయిన తల్లిని ఎవరు బలవంతం చేస్తారు?

ఇప్పుడామె నోరు మూసుకుంటే చాలు. అబద్ధం తనంతట తానే ముగిసిపోతుంది. కడుపు పండని కోడలు కాదిక, కడుపు పోయిన కోడలు. గొడ్రాలన్న మాట ఎవరూ అనరు. ఏళ్లుగా తనని చూసి నవ్వినావిడ సంచి సర్దుకుంటోంది. ఇదంతా తను చేసింది కాదు, ఎవరి మీదా నేరం మోపలేదు, ఊరికే పడుకుంది అంతే. ఊరికే పడుకోవడం ఇంత సులువని ఆమెకి తెలియదు.

తలుపు సందులోంచి నడవా కనిపిస్తోంది. పెద్ద కోడలు సంచి పక్కన పెట్టుకుని, కూతురికి జడ వేస్తోంది. పాపిట మూడుసార్లు తీసినా వంకరే వచ్చింది. "అమ్మా, రేపెవరు వేస్తారు?" అంది పిల్ల. "నాన్నమ్మ వేస్తుంది." "నాన్నమ్మ లాగుతుంది." "లాగితే అరవకు." చిన్న కోడలు కళ్లు మూసుకుంది. మూసుకున్నా మాటలు వినబడుతూనే ఉన్నాయి.

అప్పుడే అత్తగారు టీచరమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. దుఃఖం ఒకవైపు, నియమం ఒకవైపు. ఇలా పోయినప్పుడు రోజా, నమాజుల సంగతేమిటో తెలియాలి కదా, తెలియకుండా ఒక్క పూట కూడా గడపదావిడ. వెనకే చిన్న కొడుకు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి.

టీచరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఓదార్పు ఆవిడకి చేతకాదు, పాఠం చేతనవును. "బిడ్డకి రూపం వచ్చాక పోతే, ఆ రక్తానికి కాన్పు తర్వాతి నియమాలు. రూపం రాకముందే పోతే మామూలు నెలసరి నియమాలు. ఏదైనా ప్రస్తుతానికి రోజా, నమాజూ ఆపాల్సిందే. ఎప్పటిదాకా అన్నది లెక్క కట్టాలి. దానికి ఒక్కటి తెలియాలి. దీనికి ముందు నెలసరి ఎప్పుడొచ్చింది?"

"ఈ నెల రాలేదు. కిందటి నెల, అంటే..." అని అత్తగారు అందుకుంది.

"మిమ్మల్ని కాదు. ఆ అమ్మాయిని అడిగాను."

మనుషులకి అబద్ధం చెప్పడం వేరు. నియమం ఏమిటో తేల్చడానికి అడిగినప్పుడు చెప్పడం వేరు. ఇక్కడ తప్పు చెబితే దాని మీద కట్టే లెక్కంతా తప్పవుతుంది, ఆ లెక్క వెళ్లేది పైకి. అన్నిటికీ మించి, నడవాలో పిల్ల "అమ్మా, గట్టిగా బిగించు, రెండ్రోజులు ఉండాలి," అంటోంది.

"ఈ నెల మొదట్లోనే వచ్చింది," అంది చిన్న కోడలు.

"ఏ నెల?"

"ఈ నెలే. రోజాలు మొదలైన వారంలోనే." లేచి కూర్చుంది. "బిడ్డ లేదు. ఎప్పుడూ లేదు. అక్క ఏమీ చేయలేదు. ఇది మామూలు సెలవు."

టీచరమ్మ ఒక్కతే తొణకలేదు. "అప్పుడు రోజా ఉన్నావా?"

"ఉన్నాను."

"నమాజు?"

"ఊరికే నిలబడ్డాను. ఏమీ చదవలేదు."

"అప్పుడు నువ్వు ఉన్నది రోజా కాదు, ఆకలి. అవన్నీ తర్వాత మళ్లీ ఉండాలి. ఇప్పుడు వదిలేవీ ఉండాలి. నమాజులకి బదులు లేదు. అబద్ధానికి క్షమాపణ అడుగు, దేవుణ్ణి, మనుషుల్ని." ఆవిడ సంచి తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి అత్తగారి వైపు తిరిగింది. "సెలవు దేవుడు దాచుకోమని ఇచ్చింది కాదు, సిగ్గుపడమనీ ఇవ్వలేదు. మీ వంటింట్లో దాన్ని అలా ఎవరు చేశారన్నది నా పాఠంలో లేదు. మీరే చదువుకోండి." వెళ్లిపోయింది.

మొదట మాట్లాడింది మొగుడు. "రూట్లో అందరికీ చెప్పేశానే!" అన్నాడు. అని, తను అన్నది తనకే వినబడి, గోడకి ఆనుకుని కిందికి జారిపోయాడు.

అత్తగారి గొంతు ఆ తర్వాత లేచింది. "నా పక్కన నిలబడ్డావు. ఆ మైలతో నా పక్కన నిలబడి వంగావు! పాలు పోశానే నీకు! పొద్దుట్నించి ఏడుస్తున్నాను, ఇంటి కోడల్ని కొట్టాను, వెళ్లగొడుతున్నాను. ఎవరి కోసం ఏడ్చాను నేను? లేని బిడ్డ కోసమా? అబద్ధాలకోరుదానా, లేని బిడ్డ కోసం నన్ను ఇంతసేపు ఏడిపించావా?"

"ఒక్క పొద్దుకే ఇలా ఉంది మీకు," అంది చిన్న కోడలు. గొంతు పెంచలేదు. "నేను నెలనెలా ఏడుస్తాను అత్తయ్యా. ఆ లేని బిడ్డ కోసమే. ఏడ్చి, మొహం కడుక్కుని, కిందికొస్తాను. మీరు గరిటె ఇస్తారు."

అత్తగారు మంచం పట్టీ పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. ఆవిడ అలా వాదన వదిలి కూర్చోవడం ఇంట్లో ఎవరూ చూడలేదు. గరిటె ఇచ్చేటప్పుడు ఆ పిల్ల మొహం ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలని చూసింది. ఎంత వెతికినా పనివాళ్ల నవ్వులు గుర్తొచ్చాయిగానీ, ఆ మొహం గుర్తురాలేదు. ఎందుకంటే ఎప్పుడూ చూడలేదు. అప్పుడు వచ్చింది ఆవిడకి అసలు ఏడుపు, శబ్దం లేకుండా.

కాసేపటికి లేచి నడవాలోకి వెళ్లింది. "పిల్లా, మీ అమ్మ సంచి లోపల పెట్టు," అంది మనవరాలితో, కోడలి మొహం చూడకుండా. అంతకన్నా పెద్ద క్షమాపణ ఆ ఇంట్లో ఎవరికీ ఎన్నడూ దొరకలేదు.

"పెట్టకు," అంది పెద్ద కోడలు. చెంప మీద ఇంకా ఎర్రగా వేళ్లు తేలి ఉన్నాయి. "నన్ను హంతకురాలన్నప్పుడు పనివాళ్లందరూ విన్నారు. కాదన్నది కూడా వాళ్లే వినాలి. అప్పుడు పెట్టు."

ఒప్పుకోదనే అనుకున్నారందరూ. కానీ అత్తగారు మెట్లు దిగింది. డబ్బాలు సర్దుతున్నవాళ్ల మధ్య నిలబడి, "పెద్దది ఏ తప్పూ చేయలేదు. చేయి చేసుకున్నది నేను. తప్పు నాది," అంది. అక్కడితో ఆగి ఉంటే పరువుగా ఉండేది. ఆగలేదు. "చిన్నదాన్ని అబద్ధం ఆడేదాకా తెచ్చింది కూడా నేనే," అని చేర్చింది. ఒక మూత చేతిలోంచి జారి నేల మీద గుండ్రంగా తిరిగి తిరిగి ఆగేదాకా అందరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు.

మొగుడు మాత్రం చాలా రోజులు పెళ్లాంతో సరిగ్గా మాట్లాడలేదు. రూట్లో ఒక్కొక్కరికీ లేదని చెప్పుకుంటూ వచ్చాడు. చెప్పిన ప్రతిచోటా అవతలివాళ్లు జాలి చూపిస్తే, ఆ జాలి ఎంత బరువో తెలిసింది. ఒక సాయంత్రం వ్యాను తాళాలు మేకుకి తగిలిస్తూ, "నిన్ను కూడా ఇలాగే చూస్తారా అందరూ?" అని అడిగాడు. "ఇంకాస్త దగ్గరగా," అందామె.

నెల ముగిసి, వంటిల్లు మళ్లీ మామూలు నడకలో పడ్డాక, ఇద్దరు కోడళ్లూ వదిలిన రోజాలకి బదులు ఉండటం మొదలుపెట్టారు. ఊరంతా తింటుంటే ఉండే రోజా గట్టిది, తోడు లేకపోతే ఆకలి రెట్టింపు. ఇద్దరూ ఏమీ అనుకోకుండానే ఒకే రోజులు ఎంచుకున్నారు. సాయంకాలం మేడ మీద గదిలో, నీళ్లూ ఖర్జూరాలూ ముందు పెట్టుకుని, పొద్దు వాలడం కోసం చూస్తూ కూర్చున్నారు.

"ఒకటి చెప్పనా?" అంది పెద్ద కోడలు. "ఆ రోజు నీ స్థానంలో నేనుంటే నోరు విప్పేదాన్ని కాదు."

"నేనూ విప్పకూడదనే పడుకున్నానక్కా."

పెద్ద కోడలు ఆమెని పరీక్షగా చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వులో వెటకారం లేదు, ప్రేమ కూడా అంతగా లేదు. సరుకు నాణ్యం తెలిసినవాళ్ల నవ్వు. "మనిద్దరం బాగానే కుదిరాం," అంది.

అత్తగారు మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడింది. వచ్చిన పనేదో ఉన్నట్టు దీపం స్విచ్చి వేసింది, ఆర్పింది. అందరికీ ఏదో ఒకటి చెప్పడం అలవాటైన మనిషి, అడగడం ఎలాగో వెతుక్కుంటున్నట్టు స్విచ్చి మీదే వేలు ఉంచింది.

"చిన్నదానా," అంది చివరికి. "ఆ రోజుల్లో నీకు నొప్పి బాగా ఉంటుందా?"

చిన్న కోడలు తలెత్తింది. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పట్నించీ ఆ రోజుల గురించి ఆమెని అడిగినవన్నీ ఒకే ప్రశ్న, వచ్చిందా రాలేదా అని. ఇది కొత్త ప్రశ్న.

"ఉంటుందత్తయ్యా."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ."

కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా రాలడం మొదలైంది. ఆపుకుందామని చూసిన కొద్దీ ఎక్కువైంది. రెండు చేతులా మొహం కప్పుకుని, కంగారుగా పక్కకి తిరిగింది.

"అక్కా, ఏడిస్తే రోజా పోదు కదా?"

"పోదు," అంది పెద్ద కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ. "నేను కాపరానికొచ్చిన ఏడే టీచరమ్మని అడిగి తెలుసుకున్నాను."

ఆ మాటకి అత్తగారు ఒకసారి పెద్ద కోడలి వైపు చూసింది. తర్వాత ముందుకొచ్చి, మోకాళ్లు పట్టుకుని నేల మీద కూర్చుని, తన పైటచెంగు చివర చిన్న కోడలి చేతిలో పెట్టింది.

"బాగా కారి నోట్లోకి పోతే పోతుంది," అంది. "తుడుచుకో."